వేరు షెడ్డు

పొద్దున్న ఆరున్నరకల్లా తవిటమ్మ దువ్వాడలో బస్సు దిగేది. స్టేషను పక్కనుంచి పట్టాలు దాటి, కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్ల మధ్య నుంచి కొండ వైపు అరగంట నడిస్తే గుర్రాల షెడ్డు వచ్చేది. ఆమె గేటు తాళం తియ్యకముందే లోపలివి చెప్పుల చప్పుడు గుర్తుపట్టి గిట్టలతో నేలను కొట్టేవి. పది గుర్రాలు. వాటిలో ఒక్కటీ బాగున్న రోజుల్లో అక్కడికి వచ్చింది కాదు. ఒకదానికి పెళ్లి ఊరేగింపులో టపాకాయ పేలి ఎడమ కన్ను పోయింది. ఒకదానికి బండి కాడి ఒరుసుకుని మెడ మీద పుండు ఎముక దాకా దిగింది. ఇంకొకటి హైవే పక్కన చెత్తకుప్ప దగ్గర దొరికింది. దాని పొట్టలోంచి నెలరోజుల పాటు ప్లాస్టిక్ సంచులు బయటికి వచ్చాయి.

ఆ స్థలం గౌరీశ్వరిది. స్టీల్ ప్లాంటులో పాతికేళ్లు ఉద్యోగం చేసి, ముందుగానే మానేసి, తాతల నాటి రెండెకరాల్లో ఈ షెడ్డు వేయించింది. పెళ్లి చేసుకోలేదు. మాట కటువు. గుర్రానికి నీళ్ల తొట్టి కడగకపోతే పనివాళ్ల మీద కేకలేసేది గానీ, ఆ కేకలయ్యాక తనే చీపురు పట్టుకుని తొట్టిలో దిగేది.

తవిటమ్మది జాలారిపేట. పుట్టిందీ మెట్టిందీ చేపలు పట్టే ఇళ్లలోనే. ఆమె మొగుడు నూకరాజు ఒకసారి వేటలో పడవ తిరగబడి, పక్కవాడు కళ్ల ముందే మునిగిపోవడం చూసి, ఒడ్డుకొచ్చాక మళ్లీ సముద్రంలోకి దిగలేదు. ఆరునెలలు ఇంట్లో కూర్చుని, ఒకనాడు ఒక గోధుమరంగు ఆడగుర్రాన్ని తాడు పట్టి నడిపించుకొచ్చాడు. బీచిలో పిల్లల్ని ఎక్కించి తిప్పుతానన్నాడు. "సేపలోళ్లకి గుర్రమేటి?" అని తవిటమ్మ నెత్తి కొట్టుకుంది. అయినా పన్నెండేళ్లు ఆ గుర్రమే వాళ్ల పొయ్యి వెలిగించింది. దానికి ముత్యం అని పేరు పెట్టింది నూకరాజే. అతను పోయేనాటికి తారు రోడ్డు మీద నడిచి నడిచి దాని ముందు గిట్టలు పగిలిపోయాయి. పెళ్లి బ్యాండు వాళ్లు కొంటామని వచ్చారు. తవిటమ్మ వాళ్ల వెనకాల వెళ్లి, వాళ్లు గుర్రాలని కట్టే చోటు చూసి, ఇంటికొచ్చి అన్నం తినలేదు. మర్నాడు ముత్యాన్ని వ్యాన్ ఎక్కించి గౌరీశ్వరి దగ్గరికి తెచ్చింది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చి, పని ఉంటే ఇమ్మని అడిగింది. అలా పనిలో చేరి అయిదేళ్లు గడిచాయి.

ఆ ఏడాది దసరా వెళ్లాక, గౌరీశ్వరి కంటి ఆపరేషనుకని ఊళ్లో ఆసుపత్రిలో చేరింది. సరిగ్గా అప్పుడే తుపాను పట్టింది. ఇద్దరు పనివాళ్లు తమ ఇళ్ల పైకప్పులు చూసుకోవడానికి పోయారు. షెడ్డులో తవిటమ్మ ఒక్కతే మిగిలింది. రెండో రోజు మధ్యాహ్నం ఒక వ్యాన్ వచ్చి, గేటు ముందు ఒక తెల్ల గుర్రాన్ని దింపేసి వెళ్లిపోయింది. వ్యానతను తన పేరు కూడా చెప్పలేదు. పెళ్లిళ్లకు తిప్పిన గుర్రం అది. జూలుకి రంగు కాగితం ముక్కలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. డొక్కలో ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఒక ముక్కుపుటం నుంచి పసుపుపచ్చగా చీమిడి కారుతోంది.

కొత్తగా వచ్చిన గుర్రాన్ని ముందు వేరు షెడ్డులో కట్టాలి. అది ఆ ఆవరణ చివర, కొండ కింద, ఒక్క గుర్రం పట్టే రేకుల గది. మూడు వారాలు అక్కడే ఉంచాలి, రక్తం తీయించి పరీక్షకి పంపాలి, దాని తొట్టీ బకెట్టూ వేరుగా ఉండాలి. గౌరీశ్వరి ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. తవిటమ్మ అలాగే చేసింది. కానీ సాయంత్రానికి కొండ మీద నీళ్లు వేరు షెడ్డులోకి వచ్చి పడ్డాయి. మోకాలి లోతు బురద. ఒక రేకు లేచిపోయింది. ఆ తెల్లగుర్రం బురదలో నిలబడి, తల కిందకి వేలాడేసి, చలికి కాదు, భయానికి వణికింది. ఎవరూ కొట్టకపోయినా దెబ్బ పడుతుందన్నట్టు చర్మం జలదరిస్తోంది.

తవిటమ్మ దాన్ని విప్పి పెద్ద షెడ్డులోకి తెచ్చింది. మిగతా గుర్రాలు చెవులు వెనక్కి వేసి పళ్లు చూపించాయి. ముత్యం ఒక్కటే ఊరుకుంది. బెదిరిన వాటి పక్కన దాన్ని నిలబెడితే అవి నెమ్మదిస్తాయని అందరికీ తెలుసు. తవిటమ్మ తెల్లగుర్రాన్ని దాని పక్కనే కట్టింది. ముత్యం దాని మెడ వాసన చూసి, కాసేపు ముక్కు ఆనించి నిలబడింది. తెల్లగుర్రం వణుకు ఆగింది. మూడు రోజులు రెండూ ఒకే తొట్టిలో తాగాయి, ఒకే బకెట్లో ఉలవలు తిన్నాయి.

నాలుగో రోజు వాన తెరిపిచ్చింది. తవిటమ్మ బురద ఎత్తిపోసి, రేకు బిగించి, తెల్లగుర్రాన్ని మళ్లీ వేరు షెడ్డులో కట్టింది. వారానికి గౌరీశ్వరి కంటికి నల్లద్దాలతో తిరిగొచ్చింది. వేరు షెడ్డు దగ్గర నిలబడి, "దీన్ని ఇక్కడే ఉంచేవా? వానలో బాగానే ఉందా?" అని అడిగింది.

"ఆఁ, ఉంచినానమ్మగోరూ" అంది తవిటమ్మ.

అబద్ధం అలా నోట్లోంచి జారింది. కేకలేస్తుందన్న భయం తప్ప ఇంకో కారణం లేదు. అప్పటికి చీమిడి తగ్గింది. జలుబు చేసి ఉంటుందనుకున్నారు. కన్ను బాగుపడ్డాక రక్తం తీయిద్దాంలే అని గౌరీశ్వరి కూడా ఆ పని వెనక్కి నెట్టింది.

కార్తీకంలో వరహాలు వచ్చాడు. ఎలమంచిలి దగ్గర జీడితోట ఉన్న రైతు, డెబ్బయి దాటిన మనిషి. కుర్రతనంలో ఎలమంచిలి స్టేషను ముందు జట్కా తోలేవాడట. ఆటోలు వచ్చాక గుర్రాన్ని ఎవరికో అమ్మేశాడు. ఇప్పుడు కూతురి చేత ఫోను చేయించి, ఒక గుర్రాన్ని పెంచుకుంటానని అడిగాడు. ఎక్కనని, బండి కట్టనని, ఎప్పుడు తనిఖీకి వచ్చినా గేటు తీస్తానని కాగితం మీద సంతకం పెట్టాడు. గౌరీశ్వరి వెళ్లి తోట చూసి వచ్చింది. ఇసక నేల, నీడ, బోరు నీళ్లు.

మూడుసార్లు వచ్చాడు వరహాలు. మూడుసార్లూ ముత్యం ముందే నిలబడ్డాడు.

"దీని పాదాలకి మా తోట బాగుంటాదమ్మా" అన్నాడు తవిటమ్మతో. "గట్టి నేల కాదు కదా. మెత్తగా పరుపులాగుంటాది."

ముత్యాన్ని పంపించడమంటే నూకరాజు వస్తువు ఇంట్లోంచి ఆఖరిది పోయినట్టే. కానీ పొద్దున్నే ఆ గుర్రం రాతి నేల మీద మొదటి అడుగు వేసేటప్పుడు ఎలా తడబడుతుందో రోజూ చూసేది ఆమే.

"తీసుకెల్లండి బాబూ. ఉలవలు ఉడకబెట్టి పెట్టాల. పచ్చివి నమల్లేదు. కుడి సెవి పట్టుకుంటే ఒప్పుకోదు. ఎడమేపు నుంచే రావాల."

"ఇంకా సెప్పు. అన్నీ సెప్పు" అంటూ ముసలాయన అక్కడే బండ మీద కూర్చున్నాడు.

బయటికి పంపే గుర్రానికి రక్తపరీక్ష తప్పనిసరి. పశువుల డాక్టరు దేవీప్రసాద్ వచ్చి ముత్యానికి తీశాడు. పనిలో పనిగా తెల్లగుర్రానికీ తీశాడు. పన్నెండో రోజున ఆయన ఫోను చేయలేదు. మనిషే వచ్చాడు. గేటు బయట కారు ఆపి, లోపలికి రాకుండా గౌరీశ్వరిని బయటికి పిలిచాడు. తవిటమ్మ గడ్డి మోపు కింద పెట్టి చూస్తూ నిలబడింది. గౌరీశ్వరి కారు మీద చెయ్యి ఆనించుకోవడం చూసింది.

గ్లాండర్స్. ఆ మాట తవిటమ్మ మొదటిసారి అప్పుడే వింది. గుర్రాలకి వచ్చే జబ్బు, మందు లేదు, మనుషులకీ అంటుతుంది. తెల్లగుర్రానికి ఉంది, ముత్యానికి ఉంది. ఇంకోసారి రక్తం పంపి ఖాయం చేసుకుంటారు. ఖాయమైతే చట్టప్రకారం చంపేయాలి.

"ముత్యానికి ఎలా వచ్చింది?" అని గౌరీశ్వరి అడుగుతూనే ఉంది. "అది వేరు షెడ్డు దరిదాపులకి కూడా పోలేదు కదా. డాక్టరుగారూ, మీ ల్యాబులో సీసాలు మారిపోయుంటాయి."

"మారితే బాగుండును" అన్నాడాయన. "రెండోసారి చూద్దాం."

తవిటమ్మ గడ్డి మోపు మళ్లీ ఎత్తుకుని లోపలికి పోయింది. చేతులు పని చేస్తున్నాయి గానీ ఏ గుర్రానికి వేసిందో ఏ గుర్రానికి వెయ్యలేదో తెలియలేదు.

పది రోజులు గడిచాయి. ఇద్దరు పనివాళ్లూ జబ్బు సంగతి విని జీతం కూడా అడక్కుండా మానేశారు. చుట్టుపక్కల అపార్టుమెంట్ల వాళ్లు గేటు దగ్గర గుమిగూడి వీడియోలు తీశారు. ముత్యాన్ని విడిగా, వెనక గోడ దగ్గర కట్టారు. చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ లేకుండా దగ్గరికి వెళ్లకూడదు. ముత్యానికి జబ్బు ఉన్నట్టే లేదు. తిండి తింటోంది, పిలిస్తే చెవులు తిప్పుతోంది. మెడ కింద ఒకచోట శనగగింజంత గడ్డ కనిపించింది. అలాంటివి లేస్తాయేమో చూడమని డాక్టరు చెప్పి వెళ్లాడు. తవిటమ్మ దాన్ని చూసిన రోజు, ల్యాబు నుంచి రెండో కాగితం రాకముందే ఆమెకి జవాబు తెలిసిపోయింది.

రెండో కాగితం వచ్చింది. మర్నాడు పొద్దున్న పదింటికి ప్రభుత్వ పశువైద్యులు వస్తారని కబురు. ఆ సాయంకాలం గౌరీశ్వరి అరుగు మీద కూర్చుని సంతకాలు పెడుతోంది. తవిటమ్మ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"అమ్మగోరూ, సీసాలు మారలేదు."

గౌరీశ్వరి తలెత్తింది.

"తుపానప్పుడు ఏరు సెడ్డులోకి నీళ్లొచ్చీసినాయి. తెల్లోడ్ని తెచ్చి ముత్యం పక్కన కట్టీసినాను. మూడ్రోజులు. ఒకే తొట్టి. మీరు అడిగితే అబద్దమాడినాను."

గౌరీశ్వరి కాగితాలు పక్కకి జరిపింది. పెన్ను మూత పెట్టింది. మళ్లీ తీసింది.

"ఎందుకు చెప్పలేదు?"

"కేకలేత్తారని."

"కేకలేస్తానని!" గౌరీశ్వరి లేచి నిలబడింది. "తవిటమ్మా, ఆ రోజే చెప్పుంటే ఆ మర్నాడే రక్తం తీయించేదాన్ని. ముత్యాన్ని విడిగా కట్టేదాన్ని. ఇప్పుడు మిగతా తొమ్మిదింటి సంగతేంటి? ఎన్నింటికి అంటిందో ఎవడు చెప్తాడు? ఆ ముసలాయన దీన్ని తోటకి తోలుకుపోయుంటే?"

"తెల్దమ్మా."

"వెళ్లిపో. రేపు రాకు. నీ మొహం చూసే ఓపిక నాకు లేదు."

తవిటమ్మ వెళ్లిపోయింది. కానీ మర్నాడు ఎనిమిదింటికల్లా వచ్చి గేటు బయట, ఎదురుగా ఉన్న ఇటుకల కుప్ప మీద కూర్చుంది. జేసీబీ వచ్చింది. ఆవరణ చివర గొయ్యి తవ్వింది. సున్నం బస్తాలు దింపారు. తొమ్మిదిన్నరకి జీపు వచ్చింది. తెల్లటి ప్లాస్టిక్ దుస్తులు, కళ్లద్దాలు వేసుకుని నలుగురు దిగారు. ఎవరు డాక్టరో ఎవరు కాదో తెలియలేదు.

తెల్లగుర్రానికి ఎక్కువసేపు పట్టలేదు. అది ఎవరు తాడు పట్టుకున్నా నడుస్తుంది, ఎక్కడ నిలబెట్టినా నిలబడుతుంది. పెళ్లిళ్లలో అలాగే నేర్పారు. గేటు సందులోంచి తవిటమ్మకి దాని వెనక కాళ్లు వంగడం కనిపించింది. తర్వాత చప్పుడు వినిపించింది.

ముత్యం మాత్రం నిలవలేదు. తెల్లదుస్తుల మనుషులు దగ్గరికి రాగానే వెనక కాళ్ల మీద లేచింది. ఒకతను కుడి చెవి పట్టుకోబోయాడు. ఆ అరుపు గేటు బయటికి వచ్చింది. పగిలిన గిట్టలతో అది గోడ వెంబడి గుండ్రంగా పరిగెడుతోంది. రాయి మీద తడబడి మోకాళ్ల మీద పడి మళ్లీ లేచింది. తవిటమ్మ గేటు పట్టుకుని నిలబడిపోయింది.

దేవీప్రసాద్ గౌరీశ్వరితో ఏదో అన్నాడు. గౌరీశ్వరి గేటు దగ్గరికి వచ్చి తలుపు తీసింది. తవిటమ్మ మొహంలోకి చూడలేదు.

"రా" అంది.

తవిటమ్మకి కూడా ఆ తెల్ల బట్టలు తొడిగారు. చీర మీదనే. అద్దాలు పెట్టారు, మూతికి కట్టారు. ఆమె ఎడమ వైపు నుంచి నడిచింది. ముత్యం ఆమెని కూడా గుర్తుపట్టలేదు. చెవులు వెనక్కి వేసి ముక్కుతో బుస కొట్టింది. అందరిలాగే ఆమె కూడా ఒక తెల్లటి ప్లాస్టిక్ ఆకారం.

"బాబూ, ఈ గుడ్డ తీసీనా? ఒక్క నిమిషం" అని అడిగింది.

"వద్దమ్మా. తియ్యకూడదు" అన్నాడు దేవీప్రసాద్.

అప్పుడు తవిటమ్మ మాట్లాడడం మొదలుపెట్టింది. నూకరాజు బీచిలో పిల్లల్ని ఎక్కించాక, గుర్రం కదలడానికి ముందు ఒక మాట అనేవాడు. "నడు ముత్యం, నెమ్మదిగా నడు, పిల్లలున్నారు." ఆమె ఆ మాటే అంది. గుడ్డ వెనక గొంతు బొంగురుగా వచ్చింది. మళ్లీ అంది. మూడోసారికి ముత్యం చెవి ఒకటి ముందుకి తిరిగింది. నాలుగోసారికి అది తల దించి, పాత అలవాటు ప్రకారం, ఎక్కించుకోవడానికన్నట్టు పక్కకి తిరిగి నిలబడింది.

తవిటమ్మ తాడు అందుకుంది. గొయ్యి దాకా నలభై అడుగులు. ముత్యం కుంటుకుంటూ ఆమె పక్కనే నడిచింది. మొదటి సూది గుచ్చినప్పుడు చర్మం ఒకసారి వణికింది. తల బరువుగా ఆమె భుజం మీదికి వచ్చింది. తర్వాత ముందు కాళ్లు మడుచుకుని కూర్చుంది, ఆ తర్వాత పక్కకి ఒరిగింది. రెండో సూది వేసేటప్పటికి దానికి ఏమీ తెలియదని డాక్టరు చెప్పాడు. తవిటమ్మ తాడు వదల్లేదు. వదలమని ఎవరో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తాడు కూడా గొయ్యిలోనే వెయ్యాలట.

ఆమె రక్తమూ గౌరీశ్వరి రక్తమూ తీశారు. ఇద్దరికీ జబ్బు లేదు. మిగతా తొమ్మిది గుర్రాల్లో మరొకదానికి, కన్ను పోయినదానికి, జనవరిలో జబ్బు బయటపడింది. ఆ తాడు కూడా తవిటమ్మే పట్టుకుంది. మిగిలిన ఎనిమిదింటికీ మళ్లీ మళ్లీ పరీక్షలు జరిగాయి. మార్చి దాకా గుర్రం లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు.

గౌరీశ్వరి ఆమెని పనిలోంచి తియ్యలేదు. తీస్తే వేరే మనిషి దొరకడు. జబ్బు ఉన్న చోటికి ఎవరూ రావడంలేదు. ఇద్దరే మిగిలారు ఎనిమిది గుర్రాలకి. గడ్డి, నీళ్లు, మందు, ఈ మూడు మాటలు తప్ప వాళ్ల మధ్య మాట లేదు. ఒకరోజు తొట్టికి సున్నం వేస్తూ గౌరీశ్వరి ఉన్నట్టుండి అంది.

"తెల్లదాని రక్తం అది వచ్చిన వారంలోనే తీయించాల్సింది. తీయించలేదు. అది నా పని."

తవిటమ్మ ఊడుస్తున్న చీపురు ఆపింది. గౌరీశ్వరి జవాబు కోసం ఆగలేదు. బకెట్టు తీసుకుని తర్వాతి తొట్టి దగ్గరికి పోయింది. ఆ మాట క్షమించడం కాదని తవిటమ్మకి తెలుసు. తన వంతు తను మోసుకుంటానని చెప్పడం, అంతే.

ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. ముత్యం పోయిన సంగతి ఫోనులోనే విన్న వరహాలు ఆ వారమే వచ్చాడు. ఎండలో స్టేషను నుంచి నడిచే వచ్చాడు. గౌరీశ్వరి ఇంకో గుర్రాన్ని, మెడ మీద పుండు మానిన దాన్ని చూపించింది. ఆయన దాని మొహం నిమిరి, తవిటమ్మ దగ్గరికి వచ్చాడు.

"దీనికేటి పెట్టాలమ్మా?"

"బాబూ, ముందు మీకో మాట సెప్పాల" అంది తవిటమ్మ. మొత్తం చెప్పింది. వాన, బురద, తొట్టి, అబద్ధం. ఒక్కటీ తగ్గించలేదు. గౌరీశ్వరి పక్కనే ఉంది, అడ్డం రాలేదు.

వరహాలు కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"అది పోయినప్పుడు... పడిపోనాదా, పడుకున్నాదా?"

"పడుకున్నాది బాబూ. ముందు కాళ్లు మడుసుకోని కూకున్నాది. తల నా బుజం మీదే ఎట్టినాది."

"నువ్వు పక్కనే ఉన్నావు గదా."

"ఉన్నాను."

"నా గుర్రం ఎలాగ పోనాదో నాకు తెల్దమ్మా" అన్నాడు ముసలాయన. "కొన్నోడు అనకాపల్లి ఏపు తోలుకెల్లిపోనాడు. నలభయ్యేళ్లయిపోనాది. ఎక్కడ పడిపోనాదో, పక్కనెవులైనా ఉన్నారో లేదో." కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రోజు ఆయన గుర్రాన్ని తీసుకెళ్లలేదు. మనసు కుదరలేదని, ఇంకోసారి వస్తానని చెప్పి, మంచినీళ్లు తాగి వెళ్లాడు. వస్తాడో రాడో తవిటమ్మకి తెలియదు. ఎండ తగ్గే దాకా గేటు నీడలో కూర్చోమని ఆమె అంది గానీ ఆయన ఆగలేదు. పొడవాటి రోడ్డు మీద తలకి కండువా చుట్టుకుని స్టేషను వైపు నడిచిపోయాడు.

తవిటమ్మ మలుపు దాకా చూసింది. తర్వాత పొయ్యి వెలిగించి, ఎనిమిదింటికి సరిపడా ఉలవలు ఎసట్లో పోసింది.